రెండు మైకుల డబ్బా

"మూడుసార్లు ఔ అను, సాంబన్నా. మూడిట్ల మంచిగొచ్చింది ఉంచుకుంటం. ఇగ నీ పని అయిపోయినట్టే" అన్నాడు హనుమండ్లు.

సాంబయ్య మైకు ముందుకు జరిగి మూడుసార్లు ఔ అన్నాడు. ఎదురుగా కథ నడవకుండా, చెప్పేవాడు లేకుండా, ఉత్త గాలికి ఔ కొట్టడం అతని జన్మలో అదే మొదలు. ఎవరూ పిలవకుండానే పలికినట్టు సిగ్గేసింది.

కరీంనగర్ బస్టాండు వెనక, మేడమీద, బాలకిషన్‌రావు కంప్యూటర్ల దుకాణం అది. షార్జాలో ఎనిమిదేళ్లు కరెంటు పని చేసి వచ్చిన హనుమండ్లు జమ్మికుంటలో తన ఇంటి ముందరి గదిని రికార్డింగు గదిగా మారుస్తున్నాడు. ఒగ్గుకథల క్యాసెట్లు తీస్తాడట. ఏ యంత్రం కొనాలో, అందులో ఏ సాఫ్ట్‌వేర్ వేయించాలో తేల్చుకోవడానికి గొంతులు కూడా వెంట ఉంటే మంచిదని ఇద్దరిని బస్సెక్కించి తెచ్చాడు. కథ చెప్పే కొండల్ ఒకడు. వంత పలికే సాంబయ్య ఇంకొకడు. కొండల్ సాంబయ్యకు సొంత బావ, అక్క రామవ్వ మొగుడు.

కథకుడు ఒక మాట అనగానే పక్కవాడు ఔ అనాలి, అహా అనాలి, అవసరమైతే ఎదురు ప్రశ్న వేయాలి. అదే వంత. వంత లేని కథ ఉప్పులేని కూర అని అందరూ అంటారు గాని, ఉప్పును పొగుడుతూ భోంచేసినవాణ్ణి ఎవరూ చూడలేదు. దండలన్నీ కొండల్ మెడలోనే పడేవి. దానికి సాంబయ్య ఎన్నడూ కుళ్లుకోలేదు. కుళ్లుకోలేదని తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు కూడా.

కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ గీతలో మూడు చిన్న పుట్టలు లేచి ఉన్నాయి. బాలకిషన్‌రావు మొదటి రెండూ చెరిపేశాడు. మూడోదాన్ని పట్టి ఏవో రెండు మీటలు నొక్కాడు. పుట్ట పక్కన అలాంటి పుట్టే లేచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే తెర నిండిపోయింది. తర్వాత స్పీకర్లలోంచి సాంబయ్య గొంతు వినిపించింది. ఔ, ఔ, ఔ, ఔ. ఒక్క వెంట్రుక వాసి తేడా లేదు.

"కమాల్ గదా!" హనుమండ్లు తొడ చరిచాడు. "ఇగ కొండలన్న నాలుగు గంటల కథ చెప్పినా ఫికర్ లేదు. సాంబన్న ఇంటికాడ పండుకుంటడు, ఆయన మాట ఇక్కడ పని చేస్తనే ఉంటది."

మంచి మాటే అన్నాననుకున్నాడు పాపం. సాంబయ్య బావ మొహం చూశాడు. ఇప్పుడు అనాల్సిన మాట ఒకటుంది, అది బావే అనాలి. వంత మనిషి లేంది నేను కథ చెప్ప, పటేలా అని హనుమండ్లుతో అనాలి. కొండల్ అనలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని తెర మీది పుట్టలను చూస్తున్నాడు.

బాలకిషన్‌రావు కుర్చీ వెనక్కి వాల్చాడు. పాత దొరల ఇంటి మనిషి, గొంతు ఎత్తకుండా మాట్లాడతాడు. "చూడు హనుమండ్లూ, నీకు రెండు తొవ్వలున్నయి. కంప్యూటర్‌ల ఉన్న సౌండ్ కార్డుతోనే నడిపియ్యచ్చు. దానికి మైకు రంధ్రం ఒక్కటే. ఒకలు చెప్పినంక ఇంకొకలు చెప్పాలె, సాఫ్ట్‌వేర్ కలుపుతది. లేదంటె గీ డబ్బా తీస్కో." అరలోంచి బూడిదరంగు డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "దీనికి రెండు మైకులు. ఇద్దరు ఒక్కసారే చెప్పచ్చు. ఎవల గొంతు వాళ్ల గీత మీద పడుతది. నా మాట వింటె కథ చెప్పెటోళ్లకు ఇదే మంచిది."

డబ్బా ధర విని హనుమండ్లు మూతి ముడిచాడు. షార్జాలో ఎనిమిదేళ్లలో అతను నేర్చుకున్న చదువు ఒకటే. దుకాణంవాడు ఏది మంచిదంటే అది ఆ దుకాణంవాడికే మంచిదన్నమాట.

అప్పుడు కొండల్ నోరు విప్పాడు. పొద్దుటి నుంచి అదే మొదటిసారి.

"సారూ, ఇద్దరం కలిసి చెప్పినా రెండు గొంతులు అలగ్ అలగ్ ఉంటయా?"

"ఉంటయి."

"అంటె, ఒకల గొంతు తీసేస్తె రెండోది ఉంటదా?"

"నిమ్మళంగ ఉంటది. తీసేసినట్టు కూడ తెల్వది."

"గట్లయితె గీ డబ్బానే తీస్కో పటేలా" అన్నాడు కొండల్.

సాంబయ్య చెవులకు ఆ తర్వాత ఇంకేమీ వినపడలేదు. ఒకరి గొంతు తీసేస్తే. ఎవరి గొంతో పేరు పెట్టి చెప్పనక్కర లేదు. కథకుడి గొంతు తీసేసి వంతను క్యాసెట్టు తీసేవాడు లోకంలో ఉండడు.

*

తిరుగు బస్సులో హనుమండ్లు కంప్యూటర్ అట్టపెట్టెను ఒళ్లో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూచున్నాడు. డబ్బా తీసుకోలేదు.

"ఆయన కమ్మగ మాట్లాడుతుండంటెనే నాకు అనుమానం కొట్టింది" అన్నాడు. "ఉన్న రంధ్రం సాలదా? మనకెందుకు రెండు?"

"డబ్బానే మంచిగుండె" అన్నాడు కొండల్ కిటికీలోంచి బయటికి చూస్తూ.

సాంబయ్యకు ఒళ్లు మండింది. ఎప్పుడూ ఏ వస్తువు గురించీ నోరెత్తని మనిషి. సంతలో గొర్రెను కొన్నా రామవ్వే బేరం చేయాలి. చెప్పులు తెగితే కొత్తవి తెచ్చి కాళ్ల ముందు పెడితే తప్ప తొడుక్కోడు. అలాంటివాడు ఊరూ పేరూ తెలియని యంత్రం కోసం రెండుసార్లు నోరు విప్పాడంటే వట్టిగా కాదు.

"ఏందె బావా, గా డబ్బా మీద గంత పానం?" అన్నాడు, నవ్వుతున్నట్టే.

కొండల్ అతని వైపు తిరిగి ఏదో చెప్పబోయి, ముందు సీట్లోని హనుమండ్లును చూసి ఆగిపోయాడు. "ఊకెనే అన్న" అన్నాడు.

ఊకెనే. సాంబయ్య ఆ మాటను జమ్మికుంట దాకా నములుతూ వచ్చాడు.

*

సోమవారం పొద్దున హనుమండ్లు గదిలో పరీక్ష పెట్టారు. పత్తి రోజులు. వీధిలో మార్కెట్ యార్డు దాకా బండ్లు నిలిచి ఉన్నాయి. వెనక జిన్నింగు మిల్లు గర్రుమంటోంది. ఆ రొద లోపలికి రాకుండా హనుమండ్లు గోడలకు ఇంట్లోని పరుపులన్నీ నిలబెట్టాడు. పరుపులు చాలనిచోట మిల్లులో మిగిలిన చెత్త పత్తిని గోనెసంచుల్లో కుక్కించి పేర్చాడు. కిటికీలు బిగించాడు. చప్పుడు చేస్తుందని ఫ్యాను ఆపేశాడు. లోపల అడుగు పెడితే పత్తిబేలులో పెట్టి కుట్టేసినట్టే ఉంది.

"సాంబన్నా, నువ్వు బయట కూసో. నీది ఎట్లనో లోపల ఉన్నది గద" అన్నాడు హనుమండ్లు కంప్యూటర్ మీద చేయి వేసి.

సాంబయ్య అరుగు మీద కూచున్నాడు. హనుమండ్లు భార్య బాలలక్ష్మి గిలాసలో చాయ్ తెచ్చి ఇచ్చింది. తలుపు మూసినా కొండల్ గొంతు సన్నగా వినిపిస్తోంది. ఏడుగురు అన్నదమ్ములు గొర్లమంద తోలుకుని ఉత్తరానికి బయలుదేరే ఘట్టం. కొండల్‌కు వచ్చిన పేరంతా ఆ ఘట్టంతోనే వచ్చింది. పెద్దవాడు బయలుదేరాడు, రెండోవాడు బయలుదేరాడు. సాంబయ్య పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి. బలవంతాన నోరు మూసుకుని చాయ్ తాగాడు.

"నీళ్లు" అన్నాడు కొండల్ లోపల.

బాలలక్ష్మి చెంబు లోపలికి ఇచ్చి వచ్చింది. కథ మళ్లీ సాగింది. రెండు నిమిషాలకు మళ్లీ "నీళ్లు". ఆ తర్వాత మళ్లీ.

"ఉడుకకు పానం పోతున్నట్టుంది పెద్దాయనకు" అంది బాలలక్ష్మి.

ఉడుక కాదు. సాంబయ్యకు తెలుసు. మొదటి నీళ్లు నాలుగోవాడి పేరు దగ్గర. రెండో నీళ్లు, వాగు దాటేచోట ఆడబిడ్డ అడ్డమొచ్చి అడిగే మాట దగ్గర. బావకు కథ జారిపోవడం మొదలై రెండేళ్లయింది. ఎండాకాలంలో బోథ్ దగ్గర ఒక ఊళ్లో, వందమంది ముందర, నాలుగోవాడి దగ్గర ఇలాగే ఆగాడు. సాంబయ్య చేతిలోని కంచు తాళాలు గలగలలాడించి, "ఔ బావా, ఎర్రన్న తలపాగ సుట్టుకుంట సుట్టుకుంట ఉరుకుతుంటె నేను సూడకపోతినా!" అన్నాడు. జనం పక్కున నవ్వారు. కొండల్ పేరందుకుని సాగిపోయాడు. ఆ నవ్వు మాటున వేసిన మాటు సాంబయ్య ఒక్కడికే తెలుసు. బావకు కూడా తెలియదని అతని నమ్మకం. ఆ నమ్మకంలో కాస్త గర్వం కూడా ఉంది, లేదంటే అబద్ధం.

నాలుగోసారి నీళ్లు అడిగినప్పుడు అతనికి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. తాగు బావా, ఎన్ని చెంబులు తాగుతవో తాగు అనుకున్నాడు. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

మధ్యాహ్నం దాకా హనుమండ్లు తెర ముందు కూచుని నీళ్ల సందులన్నీ కోసేసి, మాటకొక ఔ అతికించాడు. సాయంత్రం ఇంటిల్లిపాదినీ, ఇద్దరు పక్కింటివాళ్లనూ పిలిచి వినిపించాడు.

"గొర్లు బయలెల్లినయి." ఔ.

"పొద్దు పొడిచింది." ఔ.

"సిన్నోణ్ణి పాము కరిచింది." ఔ.

"పిలగాడు పానం ఇడిసిండు." ఔ.

బాలలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేక నవ్వేసింది. "పిలగాడు సచ్చిండంటె గా ఔ ఏందయ్యా, బంతిల బూరెలు మంచిగున్నయన్నట్టు?"

పక్కింటివాళ్లు విరగబడ్డారు. హనుమండ్లు మొహం కందగడ్డయింది. కోపమంతా సాంబయ్య వైపు తిరిగింది. "నువ్వే సరిగ్గ అనలేదేమొ. దా, కూసో. కొండలన్న చెప్పింది ఇనుకుంట మల్ల అను" అని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు.

చెవుల్లో బావ గొంతు వచ్చింది. సాంబయ్య ఔ అన్నాడు. ఆ ఔ అతని నోట్లోంచి వెళ్లి, ఎక్కడో తిరిగి, కాస్త ఆలస్యంగా అతని చెవిలోకే వచ్చింది. అప్పటికి బావ తర్వాతి మాటలో ఉన్నాడు. ఇంకోసారి అన్నాడు. మళ్లీ అంతే. ఎవడో వెనక కూచుని తనను వెక్కిరిస్తున్నట్టుంది. పది మాటలయ్యేసరికి ముప్ఫై ఏళ్ల అలవాటు తప్పి, ఎక్కడ నోరు తెరవాలో ఎక్కడ మూయాలో తెలియక సాంబయ్య హెడ్‌ఫోన్లు లాగి పారేశాడు.

"నాతోని కాదు పటేలా. మాట ఎనుకకొస్తుంది."

"నాకు ముందే తెలుసు. ఖరాబ్ మాల్ అంటగట్టిండు కరీంనగరాయన" అన్నాడు హనుమండ్లు. డబ్బా వద్దని తనే అన్న సంగతి అతనికి గుర్తులేదు.

కొండల్ ఒక మూల పత్తి సంచి మీద కూచుని ఉన్నాడు. ఎవరితోనూ నవ్వలేదు. సాంబయ్య చూసినప్పుడల్లా కళ్లు దించుకున్నాడు.

*

మర్నాడు పొద్దుగాలే సాంబయ్య అక్క ఇంటికి వెళ్లాడు. రాత్రంతా అనుకుని అనుకుని, బావను మొహం మీదే అడిగేద్దామని నిశ్చయించుకున్నాడు. నేను నీకు భారమైననా చెప్పు, తాళాలు కిందపెట్టి పోత. అంతే. అదే మాట.

రామవ్వ వాకిట్లో గొర్రెపిల్లకు పాలు పడుతోంది.

"బావ ఏడి అక్కా?"

"శెల్కకు పోయిండు" అంది తలెత్తకుండా.

చేను అటు వైపు. సాంబయ్య ఇటు మార్కెట్ దారిన తిరిగి వస్తుంటే, పత్తి బండ్ల వరస అవతల, హనుమండ్లు ఇంటి గేటు దగ్గర ఆకుపచ్చ తలపాగ కనిపించింది. బావే. సాంబయ్య కాళ్లు వాటంతట అవే బండి చాటుకు వెళ్లాయి. ఎద్దు తోక మొహానికి తగులుతున్నా కదల్లేదు.

"ఫికర్ చెయ్యకు కొండలన్నా" అంటున్నాడు హనుమండ్లు. "సాంబన్న చెవుల పడనియ్య. క్యాసెట్ అట్ట మీద నువ్వు చెప్పినట్టే రాపిస్త."

"ముందుగాల తెలిస్తె ఆడు గదిలకే రాడు" అన్నాడు కొండల్.

ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. బండి మనిషి సాంబయ్యను చూసి, "ఏందే సాంబన్నా, నా ఎడ్లను కొంటవా ఏంది?" అన్నాడు. సాంబయ్య బండి చాటునుంచి బయటికి నడిచాడు. బావ సరే. మొగవాళ్లు మారతారు. అక్క కూడా అబద్ధమాడింది. చిన్నప్పుడు తల్లి పోతే తనకు ముద్దలు కలిపి పెట్టిన అక్క. అదే అతనికి గుండెలో ఇరుక్కుంది.

సాయంత్రం బస్సులోంచి కొండల్ దిగాడు. చేతిలో బూడిదరంగు డబ్బా. ఎంగిలి పడని వస్తువును తెచ్చినట్టు రెండు చేతులతో పట్టుకుని, అందరికీ తప్పుకుంటూ నడుస్తున్నాడు. సాంబయ్య ఎదురెళ్లి నిలబడ్డాడు.

"ఎటు పోయినవు బావా?"

"ఏం లేదు. డబ్బా కొంటనని పటేల్ రమ్మంటె తోడు పోయిన. రేపు మిల్లు అన్నాలకు బంద్ అయినప్పుడు చెప్తమట. పగటీలి రా."

"నేనెందుకు? నాది మిషిన్ల ఉన్నది గద."

"రా సాంబా" అన్నాడు కొండల్. బతిమాలినట్టే అన్నాడు. "నువ్వు రాకపోతె కాదు."

ఎందుకు కాదో సాంబయ్యకు అర్థమైనట్టే అనిపించింది. కొత్త డబ్బాకు కొత్త ఔలు కావాలి. ఒక్కసారి మొత్తం పట్టేసుకుంటే ఇక జన్మలో పిలవనక్కర లేదు. సరే. వాళ్లకు ఔ కావాలి, ఔ ఇద్దాం. నవ్వించడం లేదు, ఎదురడగడం లేదు, జారినచోట మాటు వేయడం లేదు. మిషిన్ ఎట్లా అంటుందో అట్లా. నాలుగోవాడి దగ్గర ఏ చెంబు ఆదుకుంటుందో చూద్దాం.

*

ఒంటిగంటకు మిల్లు ఆగింది. ఊరు ఒక్కసారిగా చెవిటిదైనట్టు నిశ్శబ్దం. హనుమండ్లు చేతి గడియారం చూసి, "ఒక్క గంటనే టైము" అని తలుపు బిగించాడు. స్టెబిలైజర్ ముల్లు చూసుకున్నాడు. రెండు మైకులు పక్కపక్కన, మధ్య జానెడు ఎడం. కొండల్ కుడివైపు, సాంబయ్య ఎడమవైపు. తెర మీద ఈసారి రెండు గీతలు.

కొండల్ ఒగ్గు చేతిలోకి తీసుకున్నాడు. అరచేతిలో పట్టేంత వాద్యం. రెండుసార్లు మోగించి కథ ఎత్తుకున్నాడు.

చెవుల్లో ఆలస్యం లేదు. తన మాట తను అన్నప్పుడే వినిపిస్తోంది. బాలకిషన్‌రావు చెప్పింది అక్షరాలా నిజం. ఆ డబ్బా ముందు ముప్ఫై ఏళ్ల వంత హాయిగా సాగిపోయేది, సాంబయ్య సాగనిస్తే.

"ఏడుగురన్నదమ్ములు లేచిండ్రు."

"ఔ."

"పెద్దోడు బుగ్గన్న బయలెల్లిండు."

"ఔ."

కొండల్ ఒకసారి పక్కకు చూశాడు. ఔ లో తేడా అతనికి అందింది. గొంతు కాస్త పెంచాడు. రెండోవాడు వెళ్లాడు. సింగన్న, మూడోవాడు, వెళ్లాడు. సాంబయ్య ఒకే ఎత్తులో, ఒకే పొడవులో ఔ అంటూ పోయాడు. తెర మీద అతని పుట్టలన్నీ ఒకే రీతిగా లేస్తున్నాయి. హనుమండ్లు మెచ్చుకోలుగా తలూపాడు.

"సింగన్న ఎనుక నాలుగోడు..." అని కొండల్ ఆగాడు.

ఒగ్గు ఒకసారి మోగించాడు. మళ్లీ, "నాలుగోడు..."

సాంబయ్య నాలుక మీద ఎర్రన్న పేరుంది. తలపాగ ఉంది, ఉరుకుడుంది, జనం నవ్వు ఉంది. పళ్లు బిగించాడు. తెర మీద పై గీత సన్నగా సాగుతోంది. కింది గీత కూడా.

కొండల్ అతని వైపు తిరిగాడు. కోపం లేదు, అడగడం లేదు. వాగులో దిగిన ముసలివాడు గట్టు మీదివాడు చేయి అందిస్తాడని నిలబడినట్టు నిలబడిన చూపు అది. సాంబయ్య మైకు వైపే చూస్తూ కూచున్నాడు. కొండల్ నుదుటి మీది చెమట కంట్లోకి దిగింది. నీళ్లు అడగలేదు.

"బంద్ చెయ్యాల్నా?" గుసగుసగా అడిగాడు హనుమండ్లు.

"ఉండనియ్యి. కోసెయ్యచ్చంటిరి గద" అన్నాడు కొండల్. ఒగ్గు ఒళ్లో పెట్టుకున్నాడు. "నాలుగోని పేరు నాకు రాదు, సాంబా. నాకు రాదని నీకు ఎర్కనే."

సాంబయ్య ఉలిక్కిపడ్డాడు.

"బోథ్ కాడ నువ్వు నవ్విచ్చినవు సూడు, గా రాత్రి నాకు నిద్రలే. మీ అక్కకు చెప్పుకున్న. రెండేండ్ల సంది సూస్తున్న, నేను ఎక్కడ జారుతనో నువ్వు అక్కడ దొరుకుతున్నవు. ఊళ్లళ్ల ఎట్లనో ఎల్లిపాయె. క్యాసెట్టు అట్ల కాదు. నాకు రాదన్నది నేను సచ్చినంక సుత దాంట్ల ఉంటది."

"మరి... మరి గా డబ్బా..."

"నేను చెప్పుకుంట చెప్పుకుంట ఆగిపోత. నువ్వు అందుకుంటవు. అందుకున్నంక ఇగ ఇడువకు, నువ్వే చెప్పు అని ఇషారా చేద్దామనుకున్న. నా గొంతు తీసేసి, నువ్వు అందుకున్న కాడికెల్లి నీది ఉంచుమన్న పటేల్‌ను. అట్ట మీద కథ చెప్పినోడు సాంబయ్య అని రాయుమన్న. ముందుగాల చెప్తె నువ్వు ఒప్పుకోవు. పెద్దోడు ఉండంగ నేనెట్ల చెప్త అంటవు." కొండల్ నెమ్మదిగా అన్నాడు, "నువ్వు అందుకుంటవనుకున్న."

నిందగా అనలేదు. నిందగా అని ఉంటే సాంబయ్య భరించగలిగేవాడు. ముప్ఫై ఏళ్లలో ఎన్ని వందల రాత్రులు, ఎన్ని ఊళ్లు, ఎక్కడా ఒక్కసారి కూడా చేయి వదలని తను, బావ తన చేతిని నమ్ముకుని అడుగేసిన ఒక్కరోజు చూసి చూసి వదిలేశాడు. బండి చాటున నిలబడ్డ తనను తలుచుకుంటే సిగ్గేసింది. హెడ్‌ఫోన్లలో తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది.

"బావా, నేను కావాల్ననే ఊకున్న" అన్నాడు.

"ఎర్కనే" అన్నాడు కొండల్. "మొదటి ఔ కే ఎర్కాయె."

లేచి నిలబడి, సాంబయ్య భుజం పట్టి కుడివైపుకు జరిపాడు. ఒగ్గు అతని చేతిలో పెట్టాడు. తాళాలు తీసుకుని ఎడమవైపు మైకు ముందు కూచున్నాడు. కూచోవడం కుదరక రెండుసార్లు సర్దుకున్నాడు. ఆ వైపు కూచోవడం అతనికి అలవాటు లేదు.

"ఇంకా అద్దగంట ఉన్నది" అన్నాడు హనుమండ్లు.

సాంబయ్య మొదటి నుంచి ఎత్తుకున్నాడు. బుగ్గన్న బయలుదేరాడు. కొండల్ ఔ అన్నాడు, కాస్త ముందుగా, కొత్తవాళ్లు అన్నట్టు. రెండోవాడు బయలుదేరాడు. సింగన్న బయలుదేరాడు. నాలుగో పేరు దగ్గరకు వచ్చేసరికి సాంబయ్య ఒగ్గు మోగించడం ఆపేశాడు. పేరు రాక కాదు.

"నాలుగోడు ఎర్రన్న..." అని ఆగిపోయాడు.

పక్కన తాళాలు మోగాయి.

"ఔ. ఎర్రన్న బయలెల్లిండు. ఆయన ఎనుక ఎవలు పోయిండ్రు?"

వంతవాళ్లు అలాగే అడుగుతారు. తెలిసే అడుగుతారు, జనం కోసం అడుగుతారు. సాంబయ్య అలా కొన్ని వేలసార్లు అడిగి ఉంటాడు. తలతిప్పి చూశాడు. కొండల్ మైకును మరిచిపోయి ముందుకు వంగి కూచున్నాడు. కళ్లు సాంబయ్య పెదవుల మీదే ఉన్నాయి. అతనికి నిజంగానే తెలియదు.

"పోశన్న పోయిండు బావా" అన్నాడు సాంబయ్య.